గది లేని మెట్లు

"మెట్ల మీద నిలబడిన ఆ మనిషిని కిందికి దిగమని చెప్పమ్మా, షబానా."

మాబుసాబ్ ఆ మనిషి అన్నది తన సొంత కొడుకునే. మూడేళ్లుగా ఇంతియాజ్ పేరు తండ్రి నోట రాలేదు. ఏదైనా చెప్పాలంటే పెద్ద కోడలికి చెబుతాడు. ఆ కొడుకు అక్కడే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నా సరే.

షబానా దాన్ని మళ్లీ అందించే పనేముంది? ఆ మాట సందు చివర టీ బంకు దాకా వినబడింది.

"నాయనా, కొంచెంసేపు," అన్నాడు ఇంతియాజ్. "మేస్త్రీ కొలత చూసుకోని దిగిపోతాడు. రేపు పొద్దున ఆఫీసోళ్లు వస్తాండారు. గోడ మోస్తాదో మోయదో ఆ లోపల మనకు తెలిసుండల్ల కదా."

"ఆ గోడ ఏం చేస్తాదో నాకు తెలుసని చెప్పమ్మా. దాన్ని నమ్మి చచ్చినోడు ఖబరస్తాన్‌లో ఉండాడని చెప్పు."

మేస్త్రీ సంజీవప్ప టేపు చుట్టుకుని, ఎక్కాలో దిగాలో తెలియక నడి మెట్టు మీద ఉండిపోయాడు. ఆ మెట్లు కట్టింది ఆయనే. పైన స్లాబు పోసిందీ ఆయనే. ఇప్పుడా మెట్లు ఎక్కితే పైన గది లేదు. మొండిగోడలున్నాయి, తలుపు లేని ఒక గుమ్మం ఉంది, ఆ తర్వాత ఆకాశం ఉంది. హిందూపురంలో ఆ సందుకు కొత్తగా బాడుగకు వచ్చినవాళ్లు, ఈ మెట్లు యాడికి పోతాయక్కా అని ఒక్కసారైనా అడుగుతారు. సందులోవాళ్లు మాట మార్చేస్తారు.

పోయిన వారం మున్సిపల్ కౌన్సిల్‌లో అయిన తీర్మానం సందంతటికీ పండగ తెచ్చింది, ఈ ఒక్క ఇంటికి తప్ప. ఇన్నాళ్లూ రెండు సెంట్ల లోపు జాగాలో మిద్దె మీద గది వేయకూడదు, పక్కింటి గోడకు గోడ ఆనించకూడదు, చుట్టూ జాగా వదలాలి అని రూలు. అంత జాగా వదిలితే మధ్యలో మిగిలేది ఒక మంచం. పేదవాడికి ఇల్లు ఇచ్చేవాళ్లు లేరు, తనకు తాను కట్టుకుంటే ఒప్పుకునేవాళ్లు లేరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది. ఇప్పుడు ఉమ్మడి గోడ ఉండొచ్చన్నారు. పైన గది వేసుకోవచ్చన్నారు. దానికి వేరే డోర్ నంబరు తీసుకుని ఎవరి పేరునైనా రాయించుకోవచ్చన్నారు. కాకపోతే కొలతలకు వచ్చిన మనిషి ముందర ఇంటి యజమాని నిలబడి సరే అనాలి. యజమాని మాబుసాబ్.

"ఆ నంబరు వదిన పేరు మీద రావల్ల నాయనా," అన్నాడు ఇంతియాజ్. "నేను ఇది నాకోసం అడగల్యా. నాకు ధర్మవరంలో చీరలంగట్లో పని ఉండాది, పడుకునేకి తావుండాది. రేపు నాకు పెళ్లయితే వచ్చే మనిషి ఎట్లాంటిదో ఏమో. ఇప్పుడే తెంచేస్తే వదినకూ షాహిస్తాకూ నిలవనీడ ఉంటాది."

అందులో అబద్ధమేమీ లేదు. తండ్రి బతికుండగానే కొడుకు పోతే, ఆ కొడుకు బిడ్డకు తాత ఆస్తిలో వాటా రాదని మసీదు దగ్గర పెద్దలు ఏనాడో తేల్చేశారు. రేపు మాబుసాబ్ కన్ను మూస్తే, పోయిన పెద్ద కొడుకు ముస్తఫా పెళ్లాం షబానాకూ, ఈ వేళ ఇంకా బడిలోనే ఉన్న అతని కూతురు షాహిస్తాకూ ఈ ఇంట్లో చాప పరుచుకునే హక్కు కూడా ఉండదు.

"మాబుసాబన్నా!"

పక్కింటి గోడ మీద నాగక్క తల లేచింది. గోడకు చెవులుంటాయంటారు. ఈ గోడకు నోరు కూడా ఉంది.

"నువ్వు సరే అంటే నీ గోడ మీద మా దూలం కూడా కూకుంటాదన్నా. నంబులపూలకుంటలో గొర్లన్నీ అమ్మి ఈ జాగా కొంటిమి. రేకుల కింద బిడ్డలు ఉడికిపోతాండారు. మీ గోడ, మా గోడ, ఉండేది ఒక్క గోడే కదా."

"మీ గోడ మీరు కట్టుకోండి నాగక్కా. నా గోడ ముట్టుకోవద్దు."

"వేరేగా కట్టుకుంటే మల్ల జాగా వదలమంటారు. వదిలితే మేం యాడ పండుకోవల్ల, గోడ మీదనా?"

"గమ్మునుండు నాగక్కా, నీకు దండం పెడతా," అంది షబానా. తల దిగిపోయింది. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయని అందరికీ తెలుసు.

అప్పుడే వంటింట్లోంచి మాబుసాబ్ పెళ్లాం బుడన్‌బీ వచ్చింది. చేతిలో టీ గ్లాసు. కొంగు తల మీద సరిచేసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా మెట్ల దగ్గరికి నడిచింది. మూడో మెట్టు మీద గ్లాసు పెట్టి, "చక్కెర తక్కువే ఏసినా లేరా. చల్లారిపోతాది, తాగు," అంది.

నడి మెట్టు మీద సంజీవప్ప గోడకు ఒత్తుకున్నాడు, పై నుంచి దిగేవాళ్లకు దారి ఇస్తున్నట్టు. ఇచ్చాక, ఎవరికిచ్చానా అని వెనక్కి చూశాడు. పైన గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

బుడన్‌బీ లోపలికి పోయింది.

"ఇంకా అన్నకు పెడతాండాదా?" ఇంతియాజ్ గొంతు తగ్గించి అడిగాడు.

"రోజూ," అంది షబానా. "నమాజు చేసుకోని వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుపోతాది. వాడు తాగినాడని మురిసిపోతాది."

ఆ గ్లాసు ఎలా ఖాళీ అవుతుందో ఆమె చెప్పలేదు. మొదట్లో అత్త నమాజుకు కూర్చోగానే టీ తీసుకుపోయి మోరీలో పోసేది. ఒకరోజు చేతులు రాలేదు. తాగేసింది. చల్లగా, చప్పగా, సరిగ్గా ముస్తఫా తాగేలాగే ఉంది. ఆ రోజు నుంచీ తాగుతూనే ఉంది. అత్త మనసు విరగకూడదని అనుకునేది గానీ, నిజానికి రోజు మొత్తంలో మొగుడి పక్కన కూర్చున్నట్టు ఉండేది ఆ ఒక్కసారే.

*

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు ఆ సందులో ఇల్లు కట్టి చూడలేదు. వరసగా సెలవులు వస్తే చాలు, అక్కడ గోడలు మొలిచేవి. ఆఫీసు మూసిన సాయంత్రం ఇసుక దిగేది. ఆఫీసు తెరిచే పొద్దుకల్లా ఆ కొత్త గది పాత గది అయిపోవాలి. గోడకు సున్నం కొట్టి, గుమ్మానికి మామిడాకు కట్టి, ఫాతెహా చదివించి, లోపల పొయ్యి వెలిగించేవాళ్లు. పొయ్యి వెలిగితే అది కాపురమున్న ఇల్లు. పొగ లేచే ఇంటి మీద గునపం పడదని సందులో వాళ్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సగం సందు నిలబడింది.

కానీ పచ్చి స్లాబు కింద దాన్ని మోసే సర్వి కట్టెలు వరసగా నిలబడి ఉండాలి. కట్టెలుంటే పొయ్యికి చోటుండదు. పొయ్యి లేకపోతే కాపురం కాదు. ముస్తఫా ఆ రెంటి మధ్యన చచ్చిపోయాడు.

పొయ్యి కోసం నడిమి కట్టె తీస్తే స్లాబు అతని మీద కూలింది. ఆ కట్టె తీసింది ఇంతియాజ్ అని అందరికీ తెలుసు. చప్పుడు విని జనం ఎక్కి వచ్చేసరికి, దుమ్ములో ఆ కట్టె పట్టుకుని నిలబడ్డది అతనే. నువ్వేనా తీసింది అని తండ్రి అడిగాడు. అతను కాదనలేదు. పెద్దవాణ్ణి ఖబరస్తాన్‌కు మోసుకుపోయి, చిన్నవాణ్ణి ధర్మవరం బస్సెక్కమని, మాబుసాబ్ తలుపేసుకున్నాడు.

*

షబానా లోపలికి వెళ్లేసరికి మాబుసాబ్ సగం కుట్టిన పరుపు ముందు కూర్చుని ఉన్నాడు. ఏకిన దూది గడ్డం మీద, కనుబొమల మీద అంటుకుని ఉంది. సూది నడుస్తూనే ఉంది.

"మామా, ఇంతియాజ్ సంగతి వదిలెయ్. నేను అడుగుతాండా."

"నువ్వడిగినా అదే మాటమ్మా."

"మల్ల నన్ను యాడికి పొమ్మంటావు? పెనుకొండకా? మా నాయన ఇంట్లో ఇద్దరు వదినెలు, వాళ్ల బిడ్డలు. నాకు మిగిలేది వసారా."

"పొమ్మని నేనంటినా?"

"నువ్వుండేంతవరకు ఎవురూ అనరు. నువ్వు పోయినాక?"

సూది ఆగింది. ఆ మాట అనగలిగినందుకు షబానాకే భయమేసింది. మాబుసాబ్ కోపగించుకోలేదు. దూది మీద అరచేయి పెట్టి, దాన్ని అదిమాడు.

"ఇప్పుడు దర్జాగా కట్టుకోవచ్చంట. సెంట్రింగు కట్టెలు నెల్లాళ్లు పెట్టుకున్నా అడిగేవాడు లేడంట. అవునా?"

"అవును మామా."

"పొయ్యి పెట్టి చూపించే పని లేదంట."

"లేదు."

"మల్ల ఈ రూలుకు మూడేళ్ల ముందు ఏం రోగం వచ్చుండె?" ఆయన గుప్పెడు దూది నలిపేశాడు. "తప్పు పని చేస్తిమి, శిక్ష పడింది అని మనసుకు చెప్పుకుంటి. అట్లా చెప్పుకోనే బువ్వ తింటాండా. ఇప్పుడది తప్పే కాదంటాండారు. నేను రేపు వాళ్ల ముందర సరే అంటే, నా కొడుకు దేనికి చచ్చినట్టమ్మా? ఊరికే చచ్చినట్టేనా? చేతులు కాలినాక ఆకులు తెచ్చిస్తాండారు, పట్టుకోమని."

షబానా మనసులో ఉన్నది వేరొకటి. గది కట్టిన ఆ సెలవుల్లో ఆమె పెనుకొండలో పుట్టింట్లో ఉంది. అంతకు ముందు ఈ ఇంట్లో ఒక్క గదిలో ఆరుగురు, మొగుడికీ తనకూ మధ్యన అడ్డం కట్టిన పాత చీర ఒకటి, ఆ చీర అవతల మామ దగ్గు. విసిగిపోయి బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి పోయింది. వేరే గది ఉంటేనే వస్తానంది. గది లేస్తాండాది, తీసుకుపోయేకి వస్తా అని ముస్తఫా ఫోన్ చేయించాడు. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎవరూ ఎత్తకపోవడమే ఆమెను తినేస్తుంది.

"ఆ గది నాకోసమే మొదలుపెట్టినాడు మామా," అంది చివరికి. "అది అట్లా మొండిగా నిలబడి ఉన్నన్నాళ్లు, నేనే చంపినట్టు ఉంటాది నాకు. పూర్తి చేయనీ మామా. నీ కాళ్లు పట్టుకుంటా."

మాబుసాబ్ తలెత్తి కోడలి వైపు చూశాడు. ఆ చూపులో ఒప్పుకోలు లాంటిది ఏదో కదిలినట్టే ఉంది.

పైన ఠక్కుమని చప్పుడైంది.

మళ్లీ ఠక్. ఠక్. నిలబెట్టిన కట్టె కింద చెక్క పెట్టి సుత్తితో కొట్టే చప్పుడు. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని మూడేళ్లయింది. మాబుసాబ్ చేతిలో సూది జారి దూదిలో కలిసిపోయింది.

"ఎవురు కొడతాండారు?"

షబానా వెనక్కి తిరిగి చూసింది. మూలన నమాజు చాప పరిచే ఉంది. దాని మీద బుడన్‌బీ లేదు.

*

సంజీవప్ప చేసినదాంట్లో తప్పు లేదు. పైన గుమ్మం మీది దిమ్మె పట్టు తప్పి వేలాడుతోంది. కొలిచేటప్పుడు ఎవరి నెత్తినైనా పడుతుందని, ఆసరాకు ఒక కట్టె అడిగాడు. ఇంతియాజ్ వెతికే లోపలే మెట్ల కింద పడున్న సర్వి కట్టె ఒకటి మేస్త్రీయే తెచ్చి నిలబెట్టాడు. అది ఆ నడిమి కట్టేనని ఆయన చూసుకోలేదు. అది అక్కడ ఎందుకుందో, ఎందుకు ఎవరూ పొయ్యిలో పెట్టుకోలేదో ఆయనకెట్లా తెలుస్తుంది?

షబానా పైకెక్కేసరికి బుడన్‌బీ ఆ కట్టె ముందు నిలబడి ఉంది. కొంగు జారి తెల్లటి జుట్టు గాలికి ఎగురుతోంది. మొహంలో నవ్వు. కట్టె పక్కన ఖాళీగా ఉన్న చోటును చూస్తూ మాట్లాడుతోంది.

"దాన్ని తీయొద్దు రా. పొయ్యికి అడ్డమొస్తాందని నేను ఊరికే అంటి. ఆ మూలన పెట్టుకుందాం లే పొయ్యి. పొగ కనపడితే చాలదా వాళ్లకు? అమ్మ అనిందని తీసేస్తావా ముస్తఫా? ఒక్క కట్టే కదమ్మా, ఏం కాదు అంటావా? వద్దు నాయనా. నేను అగ్గి తెస్తా, నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు."

సుత్తి సంజీవప్ప చేతిలోనే ఉండిపోయింది.

"వినవు కదా," అంది బుడన్‌బీ. నవ్వు మెల్లగా మాసిపోయింది. "నేనిట్లా తిరిగితినో లేదో తీసేస్తివి."

ఇంతియాజ్ వచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు. "రామ్మా, కిందికి పోదాం. నమాజు టయమాయె," అన్నాడు. కొత్తగా విన్నవాడి గొంతు కాదది. ఆమె పసిబిడ్డలా అతనితో నడిచింది. దారిలో సంజీవప్పను చూసి, "ఈయప్ప ఎవురు?" అని అడిగింది.

పై మెట్టు మీద మాబుసాబ్ నిలబడి ఉన్నాడు. మూడేళ్లలో ఆయన అక్కడికి ఎక్కడం ఇదే మొదలు. తల్లీ కొడుకులకు దారి ఇవ్వలేదు. కొడుకు మొహంలోకి చూశాడు.

"నీకు తెలుసా?"

షబానాతో చెప్పించకుండా నేరుగా అడిగాడు. ఆ సంగతి ఆయనకు తట్టినట్టే లేదు.

"తెలుసు నాయనా."

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దు నుంచే. నేను సున్నం తెచ్చేకి పోయి వస్తిని. చప్పుడు విని పైకి ఉరికితే అమ్మ చేతిలో నిప్పుల చట్టి ఉండె. కట్టె అమ్మ కాళ్ల కాడ పడుండె. కింద జనం ఎక్కుతాండారు. ఏం చేయల్లో తెలీక, కట్టె నేను తీసుకుంటి."

"నాకు చెప్పల్లని తోచలేదా నీకు?"

"చెప్పింటే ఎవుర్ని బస్సెక్కిస్తాంటివి నాయనా, ధర్మవరానికి?"

మాబుసాబ్ పై మెట్టు మీదే కూలబడ్డాడు. ఇంతియాజ్ తల్లిని జాగ్రత్తగా ఆయన పక్కనుంచి దింపాడు. పక్కింటి గోడ మీద ఎప్పుడో లేచిన నాగక్క తల, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాటైనా అనకుండా దిగిపోయింది.

తల్లిని దింపి మళ్లీ పైకెక్కిన కొడుకును మాబుసాబ్ పిలిచాడు, "ఇంతియాజ్."

"ఆఁ నాయనా."

"రేపు వాళ్లొస్తే సరే అంటా. కట్టండి. నాగక్క దూలం కూడా పెట్టుకోనీ." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "కట్టెలు మటుకు నేనే దగ్గర కూచోని కాపలా కాస్తా. తీయమని మేస్త్రీ చెప్పేదాకా ఎవుర్నీ ఆ గదిలోకి పోనియ్యను."

ఇంతియాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వదినకు ఆ మాట అందించాలని చుట్టూ చూశాడు. ఎవరి గది కోసం తాను ధర్మవరం నుంచి వచ్చాడో ఆమె అక్కడ లేదు.

*

షబానా మెట్లు దిగింది. మూడో మెట్టు మీద టీ గ్లాసు అలాగే ఉంది. వంగలేదు. పక్కనుంచి అడుగు వేసి దిగిపోయింది.

ఇన్నాళ్లూ అత్త తలకు నూనె రాసింది, జ్వరమొస్తే గంజి పట్టింది, మొగుడు తాగాల్సిన టీ తాగి అబద్ధం ఆడింది. ఈ ఇంట్లో తనను తప్పు పట్టని మనిషి అత్త ఒక్కతే అనుకుంది. అత్త మీద కోపం వస్తుందేమోనని చూసుకుంటే, కోపం లేదు. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. ఒకరు గది అడిగారు, ఒకరు పొయ్యికి చోటడిగారు. ఇద్దరికీ కాదనలేక అతను పోయాడు. ఇప్పుడు ఆ నడిమి కట్టె నిలబడ్డ చోటే పడక వేసుకుని బిడ్డను పండుకోబెట్టాలి.

గూట్లోంచి బురఖా తీసి తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఇంతియాజ్ ఎదురొచ్చాడు.

"వదినా, నాయన ఒప్పుకున్నాడు. విన్నావా?"

"విన్నా."

"యాడికి పోతాండావు?"

"షాహిస్తాను పిలుచుకోని వస్తా."

"బడి ఇంకా ఇడవలేదు కదా వదినా."

"తెలుసు," అంది షబానా. సందులోకి దిగి నడిచింది. బడి ఎడమ చేతి వైపు. పెనుకొండ బస్సులు ఆగేది కూడా ఎడమ చేతి వైపే. ఆమె మలుపు తిరిగేదాకా ఇంతియాజ్ చూస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల బుడన్‌బీ నమాజు ముగించి చాప మడిచింది. పైన జరిగింది ఏదీ ఆమె మొహంలో లేదు. రోజూలాగే గ్లాసు కోసం మెట్ల దగ్గరికి వచ్చింది. వంగి, చెయ్యి చాపి, ఆగిపోయింది.

టీ నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది. ఒక చీమ అంచు చుట్టూ తిరుగుతోంది.

"షబానా," అని పిలిచింది. "ఓ షబానా! ఈ పొద్దు వాడు తాగలేదే."

పై మెట్టు మీద మాబుసాబ్, గుమ్మంలో ఇంతియాజ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఆ గ్లాసు ఎవరు ఖాళీ చేస్తున్నారో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"వాడు రాలేదా షబానా?" బుడన్‌బీ మళ్లీ పిలిచింది. "ఇంక రాడా?"